చూడని ఇంటి యజమానురాలు

దుబాయ్,
జనవరి 2018

పూజ్యురాలైన అక్కయ్యకు తమ్ముడు రామదాసు నమస్కారాలు.

ఇక్కడ నేనూ నీ మరదలు దేవికా క్షేమం. దీపావళి దాటినప్పటి నుంచి నువ్వు నా ఫోను ఎత్తడం లేదు. చివరికి మీ పక్కింటి పున్నమ్మకు చేస్తే, "నీతోని మాట్లాడదంట. ఏమున్నా కాగితం మీద రాయమంటున్నది. ఫోన్ల మాట పొద్దుమూకేసరికి మారిపోతదంట" అంది. సరే, రాస్తున్నాను. బడి వదిలాక తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. తప్పులుంటే నవ్వుకో.

తీన్‌కందిల్ బజారులో నాన్న కొట్టు అమ్మే ముందు నీకు ఒక మాట చెప్పాల్సింది. పనుల హడావుడిలో కుదరలేదు. అయినా అక్కా, అరవై దగ్గర పడుతున్నాయి నీకు. ఎండాకాలం ఆ రేకుల కింద కూర్చుని శక్తినగర్ కరెంటు ఫ్యాక్టరీ కూలీలకు మేకులూ గమ్‌బూట్లూ అమ్మే ఖర్మ నీకెందుకు? హాయిగా మంత్రాలయం వెళ్లిరా, టీవీ చూసుకో. నెలనెలా ఖర్చులకు నేను పంపుతాను. బావగారు పోయినప్పుడు చూసుకున్నవాణ్ణి, ఇప్పుడు చూసుకోనా?

ఇక అసలు సంగతి. స్పెయిన్‌లో అలికాంటె అనే ఊరి దగ్గర సముద్రం ఒడ్డున ఒక ఇల్లు కొన్నానని చెప్పాను గుర్తుందా? కొత్త ఆస్తి ఏదైనా ఆడబిడ్డ పేర మొదలుపెడితే కలిసొస్తుందని మన ఇంటి ఆచారం. నాన్న కొట్టు తెరిచిన రోజు కూడా గల్లాలో మొదటి రూపాయి మేనత్తే వేసిందట. అందుకే ఆ ఇల్లు నీ పేర పెట్టాను. సెలవులకు వచ్చేవాళ్లకు వారాల లెక్కన బాడిగకిస్తున్నాం. అక్కడి పన్నుల ఆఫీసు నుంచి నీ పేర ఒక కవరు వచ్చి ఉంటుంది, లేదా వస్తుంది. కంగారు పడకు. తెరవకుండా కొరియర్‌లో నాకు పంపెయ్.

దీనితో ఇంకో కాగితం పెట్టాను. పెన్సిల్‌తో గుర్తు పెట్టిన చోట సంతకాలు చెయ్యి. ఇల్లు దేవిక పేరుకు మారుతుంది, నీకు ఏ తలనొప్పీ ఉండదు.

నీ తమ్ముడు
రామదాసు


రాయచూరు,
ఫిబ్రవరి 2018

చిరంజీవి రామదాసుకు అక్క సత్యభామ రాసేది.

కవరు వచ్చింది. తెరిచాను.

కొట్టు అమ్మిన సంగతి నాకు ఎలా తెలిసిందో నువ్వు అడగలేదు. అడగకపోయినా చెబుతాను. దీపావళి పూజ అయిన మూడో రోజు తిమ్మప్ప వచ్చాడు. పక్క బట్టల కొట్టు తిమ్మప్పే. టేపు పట్టుకొని, నన్ను పలకరించకుండా, గుమ్మం దగ్గర కొలతలు తీయడం మొదలుపెట్టాడు. నేను అప్పుడు ప్లాంటులో బూడిద ఎత్తే మేస్త్రీకి చేతి తొడుగులు లెక్కపెడుతున్నాను.

"ఏంది తిమ్మప్పా, ఏం కొలుస్తున్నవ్?" అన్నాను.

"షట్టర్ ఎంత వెడల్పు వస్తదో జూస్తున్నక్కా."

"ఎవరి షట్టరు?"

అతను టేపు చుట్టేసి నా మొహం చూశాడు. "ఏందక్కా, నీకు దెల్వదా? మీ తమ్ముడు రిజిస్ట్రీ చేసిచ్చిండు గద. నీ దస్తకత్ గూడ ఉన్నది దాంట్ల."

మేస్త్రీ ముందు, ఇద్దరు కూలీల ముందు అన్నాడు. ఆ తొడుగుల జత చేతిలోనే ఉండిపోయింది, డబ్బు తీసుకోవడం మరచిపోయాను. మేస్త్రీయే గల్లా మీద పెట్టి వెళ్లాడు. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. ఇంటికి వచ్చాక కూడా రాలేదు. కోపం వచ్చింది, అది ఈ రోజుకూ దిగలేదు.

నా సంతకం ఎక్కడిదా అని ఆలోచించాను. నాలుగేళ్ల కిందట నువ్వు దసరాకు వచ్చినప్పుడు, నేను మేకులు తూస్తుండగా రెండు కాగితాలు గల్లా మీద పరిచావు. "ఒకటి కొత్త ఇంటికి బోణీ సంతకం, ఇంకోటి బ్యాంకు పని, పెట్టక్కా" అన్నావు. తక్కెడ దించకుండానే రెండింటి మీదా పెట్టాను. తమ్ముడివి కదా. ఒకదానితో నాన్న కొట్టు పోయింది. రెండోదానితో నా పేర స్పెయిన్‌లో ఇల్లు కొనే, బాడిగకిచ్చే అధికారం నీకు రాసిచ్చానని ఇప్పుడు తెలిసింది.

స్పెయిన్ కాగితం మన గంజ్ రోడ్డు కృష్ణాబాయి దగ్గరికి తీసుకెళ్లాను. పన్నుల వకీలు, నీకు తెలుసు. ఆమె ఫోనులో ఫోటో తీసి తెలుగులోకి తిప్పించుకొని, రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"సత్యభామమ్మా, గా ఇంటికి మాల్కిన్ నువ్వే. బాడిగ తింటున్నవు గని పన్ను గడతలేవు అని రాసిండ్రు నీకు."

"నేను తింటున్ననా?" అన్నాను.

"కాగితం అట్లనే అంటది."

ఇద్దరం నవ్వుకున్నాం. తీన్‌కందిల్‌లో స్టూలు మీద కూడా హక్కు లేనిదాన్ని, సముద్రం ఒడ్డున బంగళా యజమానురాలినట. ఆ ఇంటి రంగేమిటో కూడా నాకు తెలియదు. ఫోటోలు పంపు.

నువ్వు పంపిన కాగితం మీద సంతకం చేయలేదు. పెన్సిల్ గుర్తులు రబ్బరుతో చెరిపేశాను. చదవకుండా సంతకం పెట్టే అక్క దీపావళి నాడు చచ్చిపోయింది.

సత్యభామ


దుబాయ్,
మార్చి 2018

అక్కకు రామదాసు నమస్కారాలు.

నీ ఉత్తరం దేవికకు చూపించలేదు. అంత కోపం నీ ఆరోగ్యానికి మంచిది కాదు.

ఫోటోలు పెట్టాను. తెల్ల గోడలు, నీలం తలుపులు. వెనక చిన్న ఈత కొలను. ఇల్లు చూసుకునే ఆవిడ పేరు పిలార్, బక్కగా కొలను పక్కన నిలబడింది ఆవిడే. తాళాలు, దుప్పట్లు, వచ్చేపోయేవాళ్ల లెక్క అంతా ఆమె చూస్తుంది.

ఆ పన్ను సంగతి నీకు చెబుతాను, విని ఊరుకో. బయటి దేశం వాళ్లు అక్కడ ఇల్లు పెట్టుకొని బాడిగకిస్తే, వచ్చిన దాంట్లో నూటికి ఇరవై నాలుగు వాళ్లకు కట్టాలి. కరెంటు, రిపేర్లు, పిలార్ జీతం, ఏ ఖర్చూ తీసెయ్యడానికి లేదు. ఆ వెసులుబాటు యూరోపు వాళ్లకే, మనలాంటి వాళ్లకు కాదు. ఇంకా వింత, ఇల్లు ఖాళీగా ఉన్న రోజులకు కూడా మనమే అందులో ఉండి సుఖపడినట్టు ఊహించుకొని కొంత వేస్తారు. ఇలాంటి పన్ను ఎవడు కడతాడు? ఎవరూ కట్టడం లేదనుకొని నేనూ ఊరుకున్నాను. ఇప్పుడు బుకింగ్ వెబ్‌సైట్లు ఏ ఇంటికి ఎంత బాడిగ వచ్చిందో ఆ ఆఫీసుకు చెప్పేస్తున్నాయట. అందుకే ఆ కవరు.

ఇల్లు దేవిక పేర మారితే నేను అక్కడి వాళ్లతో మాట్లాడి సర్దుకుంటాను. ఈ లెక్కలన్నీ నీకెందుకు? మళ్లీ కాగితాలు పెట్టాను. ఈసారి పెన్సిల్ గుర్తులు పెట్టలేదు, నీకు నచ్చనట్టుంది.

కొట్టు గురించి ఒక మాట. అది నీది అనుకోవడం నీ పొరపాటు. పన్నెండేళ్లు గల్లా మీద కూర్చున్నావు, కాదనను. బావగారు పోయి క్వార్టర్సు ఖాళీ చేయమన్నప్పుడు నిన్ను అక్కడ కూర్చోబెట్టింది నేను. కూర్చున్న చోటల్లా సొంతమైతే రైల్లో అందరూ పెట్టెలు ఇంటికి మోసుకుపోతారు.

ఆగస్టులో మా వ్యాపార భాగస్వామి వీరబాబు కుటుంబాన్ని ఆ ఇంటికి తీసుకెళ్లాలి. ఈలోపు ఇది తేలిపోవాలి.

రామదాసు


రాయచూరు,
ఏప్రిల్ 2018

రామదాసూ,

నీ రైలు సామెత కృష్ణాబాయికి చదివి వినిపించాను. "టికెట్ లేకుంట నాలుగేండ్లు రైల్ల తిరిగినోడు ఇంకోళ్లకు జెప్తుండు" అంది.

ఇక్కడ ఎండ మండిపోతోంది. ప్లాంటు బూడిద గాలికి లేచి దండెం మీది చీరలకు పడుతోంది. ఈ ఎండలో నేను ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెంగళూరు పోయి వచ్చాను. ఎందుకో చెబుతాను, కూర్చొని చదువు.

ఆ దసరాకు నీకు రాసిచ్చిన అధికార పత్రం రద్దు చేశాను. దాని బదులు అలికాంటెలో కృష్ణాబాయి వెతికిపెట్టిన ఒక వకీలుకు రాసిచ్చాను. బయటి దేశంలో చెల్లాలంటే వేయాల్సిన ముద్ర బెంగళూరులో వేయించాను. అక్కడి బ్యాంకులో బాడిగ పడే ఖాతా నా పేరే కదా, ఆచారం కొద్దీ నువ్వే పెట్టావు. ఇప్పుడు దాని కార్డు కూడా నీ దగ్గర పనిచేయదు. దేవిక ఏదో కొట్టులో నిలబడి రెండుసార్లు గీసి చూసిందని విన్నాను. కొట్టు గుమ్మంలో నిలబడి నీది కాదని తెలుసుకోవడం ఎలా ఉంటుందో ఇప్పుడు ఆమెకూ కొంచెం తెలిసింది.

పన్ను కట్టేశాను. మొదటి వారం బాడిగ నుంచి మొన్నటి దాకా, జరిమానా, వడ్డీ, ఖాళీ రోజుల ఊహల పన్నుతో సహా. ఆ ఖాతాలో ఉన్నదంతా దాదాపు దానికే సరిపోయింది. పరాయి దేశంలో ఇల్లున్నదని ఇక్కడి ఆఫీసులో కూడా చెప్పాలట. అక్కడికీ నేనే వెళ్లాను. అక్కడ కట్టినది ఇక్కడి లెక్కలో తగ్గిస్తారుగానీ, దాచినందుకు మాత్రం తగ్గించరు. దాచింది నువ్వైనా, పేరు నాది కాబట్టి వాళ్లు వేసే శిక్ష నేను పడతాను. ఏడ్వను. నీకు నొప్పి తగలాలంటే నాకు ఎంత ఖర్చయినా సరే అనిపిస్తోంది. పగ ఉన్నది నాకు, దాచుకోను.

పిలార్‌తో ఫోనులో మాట్లాడాను. ఆమెకు తెలుగు రాదు, నాకు ఆమె భాష రాదు, మధ్యలో ఫోనే మాట్లాడింది. నేను ఇంటి యజమానురాలినని చెప్పాను. అయితే ఇన్నేళ్లుగా మీకే మొక్కలకు నీళ్లు పోస్తున్నాను, మీరు ఎప్పుడూ రాలేదేమిటి అని అడిగింది.

నాకు కావలసింది ఒక్కటే. తీన్‌కందిల్ కొట్టు తిమ్మప్ప దగ్గర నుంచి విడిపించి నా పేర రిజిస్ట్రీ చేయించు. అది చేసిన రోజు నీ ఇల్లు నువ్వు చెప్పినవాళ్ల పేర రాసిస్తాను. చేయకపోతే ఇల్లు నాదే. ఆగస్టులో వీరబాబుకు చూపించడానికి ఇంకో సముద్రం వెతుక్కో.

సత్యభామ


దుబాయ్,
మే 2018

సత్యభామకు,

నిన్ను అక్క అని రాయడానికి చేయి రావడం లేదు.

నా కష్టార్జితంతో కొన్న ఇల్లు అది. ఆచారానికి నీ పేరు రాస్తే మీద కూర్చుంటావా? తమ్ముడి నోటి దగ్గర కూడు లాక్కోవడానికి బెంగళూరు దాకా రైలెక్కావు. నాన్న బతికి ఉంటే సిగ్గుతో చచ్చేవాడు. బావగారు పోయిన రోజు శక్తినగర్ క్వార్టర్సు నుంచి నీ ట్రంకు పెట్టెలు మోసింది ఎవరు? పదమూడో రోజు వంటవాళ్లకు డబ్బిచ్చింది ఎవరు? కృష్ణాబాయి ఇచ్చిందా?

నీకు పదిహేను రోజులు గడువిస్తున్నాను. నువ్వు రాసిచ్చిన కొత్త అధికార పత్రం రద్దు చేసి, నేను పంపిన కాగితాల మీద సంతకం చేసి పంపు. లేకపోతే కోర్టుకు వెళ్తాను. స్పెయిన్‌లోనూ వేస్తాను, రాయచూరులోనూ వేస్తాను. ఆ ఇంటికి డబ్బు ఎవరు కట్టారో, ఎవరి ఖాతా నుంచి పోయిందో కాగితాలన్నీ నా దగ్గర ఉన్నాయి. కోర్టు మెట్లు ఎక్కి దిగే ఓపిక నీకు లేదు. నీ మోకాళ్ల సంగతి నాకు తెలుసు.

రామదాసు


రాయచూరు,
మే 2018

రామదాసూ,

మోకాళ్లు బాగున్నాయి. కోర్టుకు వెళ్లు.

వెళ్లి జడ్జి ముందు నిలబడి ఏం చెబుతావో ఒకసారి ఇంట్లో అద్దం ముందు చెప్పుకొని చూడు. ఆ ఇల్లు నాది, డబ్బు నాది అని గట్టిగా చెప్పాలి. నువ్వు చెప్పలేవు. ఎందుకంటే మొన్న నాకు ఒక ఫోను వచ్చింది. నీ ఫోను ఎత్తనుగానీ, తెలియని నంబర్లు ఎత్తుతాను.

"నమస్కారమండీ అక్కగారూ, నేను వీరబాబునండీ, దుబాయ్ నుంచి. మాది మీ రాయచూరు పక్క పోతనాళేనండీ, కాలవ కింద. మా నాన్నగారు ఇప్పటికీ అక్కడే వ్యవసాయం."

నేను కూర్చున్నాను. ఎంత మర్యాద మనిషి. ఊరి సంగతులు, వరి సంగతులు, కాలవలో నీళ్లు వదల్లేదని వాళ్ల నాన్న పడే బాధ, అన్నీ చెప్పాడు. తరువాత అన్నాడు:

"మీకు థాంక్స్ చెబుదామని చేశానండీ. కిందటేడు మీ స్పెయిన్ ఇంట్లో పది రోజులున్నామండీ మేమంతా. మా ఆవిడకైతే తెగ నచ్చేసింది. అద్దె ఇస్తానంటే మీ తమ్ముడు ఊరుకోలేదండీ. 'మా అక్క ఇల్లండీ, మా బావగారి డబ్బుతో కొనుక్కుంది, అద్దె తీసుకుంటే తిడుతుంది' అన్నాడండీ. ఈ ఆగస్టుకీ రమ్మంటున్నాడు. మీకేం అభ్యంతరం లేదు కదండీ?"

మా ఆయన కరెంటు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేశాడు. ఆయన పోయాక వచ్చిన డబ్బుతో స్పెయిన్‌లో ఇల్లు కొన్నానట. వీరబాబుతో మాత్రం "రండి బాబూ, మీరు రావచ్చు" అన్నాను.

ఫోను పెట్టేశాక అర్థమైంది. సొంత డబ్బుతో కొన్నవాడు భాగస్వామి దగ్గర అక్క ఇల్లు అని ఎందుకు చెబుతాడు? ఇద్దరూ కలిసి పెట్టిన వ్యాపారంలోంచి నువ్వు ఒక్కడివే తీసుకుంటే తప్ప. ఆచారం, ఆడబిడ్డ, బోణీ, కలిసిరావడం. ఇన్నేళ్లూ నేనూ నమ్మాను. మేనత్త పేరు కూడా వాడుకున్నావు. కోర్టులో నువ్వు చూపించే ఆ ఖాతా కాగితాలను వీరబాబు నాకంటే శ్రద్ధగా చదువుతాడు.

తేలు కుట్టిన దొంగవు నువ్వు. నోరెత్తలేవు. నేను ఎత్తగలను, ఇంకా ఎత్తలేదు. కొట్టు రిజిస్ట్రీ ఎప్పుడు?

సత్యభామ


దుబాయ్,
జూన్ 2018

అక్కా,

వీరబాబుతో ఏమీ అనకు. నీ కాళ్లకు మొక్కుతాను.

తీసుకున్న మాట నిజమే. తిరిగి పెట్టేద్దామనే అనుకున్నాను. బాడిగలు వస్తున్నాయి కదా, మెల్లగా సర్దుదామనుకున్నాను. వీరబాబుకు తెలిస్తే ఇక్కడ పోలీసులే, ఇది మన దేశం కాదు. దేవికకు కూడా తెలియదు.

తిమ్మప్పతో మాట్లాడాను. మొదట కుదరదన్నాడు, కన్నడంలో నాలుగు తిట్లు కూడా తిట్టాడు. చివరికి ఒప్పుకున్నాడు. ఈ ఉత్తరం చేరేసరికి తాళాలు తెచ్చి నీ చేతికిస్తాడు. కొట్టు నీదే, తెరుచుకో. ఆషాఢం రాకముందే తెరువు. రిజిస్ట్రీ పని నడుస్తోంది, ఆఫీసులో కొంచెం ఆలస్యం. నువ్వు ఇక ఆ సంతకాలు పంపించు. నేను మాట నిలబెట్టుకున్నాను.

కోపంలో ఏవేవో రాశాను. క్షమించు.

నీ తమ్ముడు
రామదాసు


రాయచూరు,
జూన్ 2018

చిరంజీవి రామదాసుకు,

తాళాలు అందాయి. నిన్ననే తెరిచాను.

తిమ్మప్ప లోపలంతా కొత్త అరలు కొట్టించాడు. నాన్న గల్లా బల్ల వెనక గోడౌనులో పడేసి ఉంటే బయటికి లాగించాను. ఒక కాలు ఊగుతోంది, చెక్క ముక్క పెట్టాను. బోర్డు ఇంకా లేదు. అయినా మధ్యాహ్నానికే బూడిద మేస్త్రీ కనిపెట్టేశాడు. "అమ్మా, వచ్చినవా. ఇన్ని దినాలు జోళ్ల కోసం స్టేషన్ దాక పోతున్నం" అన్నాడు. డజను జతల తొడుగులు తీసుకున్నాడు. బేరం కూడా ఆడలేదు, పాపం, సంతోషం కొద్దీ మరచిపోయాడేమో.

సాయంత్రం షట్టరు సగం దించి, లోపల కుర్చీలో ఊరికే కూర్చున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉందిగానీ, నీ మీద కోపం ఒక గంట సేపు కనిపించలేదు. రిజిస్ట్రీ కాగితం రాగానే అలికాంటె వకీలుకు చెబుతాను, ఇల్లు నీ ఇష్టప్రకారం మారుతుంది. నేను అన్న మాట తప్పను.

అక్క
సత్యభామ


దుబాయ్,
జులై 2018

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి దేవిక కళ్లు తుడుచుకుంది. మనవాళ్లు మనవాళ్లే.

రిజిస్ట్రీకి ఇంకో రెండు మూడు నెలలు పట్టేట్టుంది. అక్కడి ఆఫీసుల సంగతి నీకు తెలియనిదా? కొట్టు నీ చేతిలోనే ఉంది కదా, కాగితానిదేముంది? నమ్మకం ముఖ్యం. ఆగస్టు రెండో వారంలో నేనూ దేవికా, వీరబాబూ వాళ్లూ ఆ ఇంటికి వెళ్తున్నాం. అంతకు ముందే నువ్వు వకీలుకు చెప్పేస్తే అక్కడే ఉండి పని పూర్తి చేసుకొని వస్తాను. పిలార్‌కు కూడా చెప్పు, నా ఫోను ఎత్తడం లేదు. మీ కుటుంబంలో అందరికీ ఇదే అలవాటు అని వీరబాబు నవ్వుతున్నాడు.

వెనక్కి వచ్చేటప్పుడు నీకు అక్కడి చేతి విసనకర్ర ఒకటి తెస్తాను.

నీ తమ్ముడు
రామదాసు


రాయచూరు,
ఆగస్టు 2018

శ్రీ రామదాసు గారికి,

ఈ ఉత్తరం దుబాయ్‌కి కాకుండా పిలార్‌కు పంపాను. మీరంతా పెట్టెలతో వచ్చి తలుపు దగ్గర నిలబడినప్పుడు నీ చేతికిమ్మని చెప్పాను. నిలబడే చదువు. పక్కన వీరబాబు ఉంటాడు కాబట్టి మొహం మామూలుగా పెట్టుకో.

జూన్ ఆఖరులో తిమ్మప్ప కొట్టుకు వచ్చాడు. టీ తెప్పించాను. తాగి, గ్లాసు పక్కన పెట్టి, నసుగుతూ అన్నాడు:

"అక్కా, ముందుకు బాడిగ నువ్విస్తవా, మీ తమ్ముడే పంపుతడా?"

"ఏం బాడిగ?"

"పదకొండు నెలల అగ్రిమెంట్ గద. మీ తమ్ముడు రెండు నెలలది ముందుగాల ఇచ్చిండు. అక్కకు జెప్పకు, కొట్టు ఆమెదే అనుకోనీ అన్నడు. నాకు బాగనిపియ్యలే. రోజూ పక్కనే కూసుంటం, మొహం జూడాలె గద."

అతను జేబులోంచి తీసి చూపించాడు. బాడిగ ఒప్పందం. పదకొండు నెలలు అయ్యాక, అంటే నువ్వు ఇల్లు మార్చుకున్నాక, తిమ్మప్ప మళ్లీ టేపు పట్టుకొని వస్తాడు. నేను షట్టరు సగం దించి సంతోషపడి నీకు రాసిన ఉత్తరం గుర్తుకొచ్చింది. దేవిక కళ్లు తుడుచుకుందట కదా. నవ్వి నవ్వి తుడుచుకుందేమో.

రామదాసూ, ఆ దసరా నాడు నువ్వు నన్ను మోసం చేసినప్పుడు నేను చదవలేదు కాబట్టి మోసపోయాను. ఆ తప్పు సగం నాది. ఈసారి నేను నమ్మాను. నీ కాళ్లకు మొక్కుతానన్న మాట నమ్మాను. అది నా తప్పు కాదు. నువ్వే నిజం చెబుతావేమోనని ఆగి చూశాను, నీ జులై ఉత్తరం వచ్చిన రోజునే అలికాంటె వకీలుకు ఫోను చేయించాను.

ఆ ఇంట్లో ప్రతి ఏడాదీ వేసవికి దిగే ముసలి దంపతులు ఉన్నారు, నార్వే వాళ్లు. అమ్ముతారా అని ఏప్రిల్ నుంచి పిలార్‌ను అడుగుతున్నారు. మాట ఇచ్చాను కాబట్టి అప్పుడు వద్దన్నాను. జులైలో సరే అన్నాను, డబ్బు సిద్ధంగా ఉండడంతో మూడు వారాల్లోనే పని ముగించారు. బయటి దేశం వాళ్ల దగ్గర కొంటే నూటికి మూడు కొనేవాళ్లే పట్టుకొని అక్కడి ఆఫీసుకు కట్టాలట, అదీ కట్టారు. లాభం మీద పన్ను, ఊరి పన్ను, వకీలుది, అన్నీ పోగా మిగిలింది నా ఖాతాకు వచ్చింది. అక్కడ ఒక్క పైసా బాకీ లేదు. ఇక్కడ కూడా అన్నీ చూపించాను. ఇక ఎవరూ నీకు గానీ నాకు గానీ కవరు పంపరు.

ఆ డబ్బుతో తిమ్మప్ప దగ్గర కొట్టు కొన్నాను. అడిగినంతా ఇచ్చాను. అతనికి లాభమే, పోనీ, టేపు పట్టినా మళ్లీ నిజం చెప్పాడు. సోమవారం రిజిస్ట్రీ అయింది. ప్రతి కాగితం రెండుసార్లు చదివి సంతకం చేశాను. వెనక లైనులో వాళ్లు విసుక్కున్నారు, నేను పట్టించుకోలేదు. ఇంకా కొంత మిగిలింది. నువ్వు వీరబాబు దగ్గర తీసుకున్నది ఎంతో, ఆయనకు నువ్వే చెప్పిన రోజున ఆ మేరకు ఆయనకు ఇస్తాను. నీ చేతికి ఇవ్వను.

ఆయనకు నేను ఏమీ చెప్పలేదు. చెప్పను కూడా. ఇల్లేమైందని అడిగితే నిజమే చెప్పు: మా అక్క తన ఇల్లు తాను అమ్ముకుంది అని. ఇన్నాళ్లూ ఆయనకు నువ్వు చెప్పిందే కదా. కాదనాలనుకుంటే అది కూడా ఇప్పుడే, అక్కడే, ఆయన ముందే చెప్పు.

ఇంత దూరం వచ్చినవాళ్లను వీధిలో నిలబెట్టే మనుషులు కారు ఆ నార్వే వాళ్లు. నాలుగు రోజులు మీరు ఉండడానికి ఒప్పుకున్నారు. వీరబాబు వాళ్ల గదుల అద్దె నేను కట్టాను, పోతనాళ మనిషి, మర్యాదస్తుడు. నీదీ దేవికదీ నువ్వు కట్టుకో. రసీదు తీసుకో. వాళ్లూ ఆ దేశానికి పరాయివాళ్లే, మీరిచ్చే దాని మీద పన్ను కట్టాలి. వాళ్లకు లెక్క చెడగొట్టకు. వెళ్లే రోజు మొక్కలకు నీళ్లు పోయమని పిలార్‌కు చెప్పు. ఆ ఇల్లు నేను చూడలేదు, ఇక చూడను. దానికి బాధ కూడా లేదు.

విసనకర్ర వద్దు. కొట్టులో కొత్త ఫ్యాను పెట్టించాను. రాయచూరు వస్తే కొట్టుకు రా. ఏం కావాలో చెప్పు, ధర చెబుతాను.

సత్యభామ